పిన్నీసుల క్రిస్మస్

మా నాన్న లెక్కలో క్రిస్మస్ పాట అంటే రెండున్నర నిమిషాలు. అంతకు మించితే అది చర్చి వాళ్ళదో, దుకాణాల వాళ్ళదో అయిపోతుందనేవాడు. గంటలు మోగకూడదు. పిల్లల బృందగానం అసలు పనికిరాదు. గిటారు, తీగెల మీద వేళ్ళ పట్లు మూడింటికి మించి తెలియనివాడి చేతిలో ఉండాలి. పాడేవాడి గొంతు జలుబు చేసినట్టుండాలి, ఎందుకంటే డిసెంబరులో, ఇంగ్లండు ఉత్తరాన మా సండర్లాండ్‌లో ఉండి జలుబు చెయ్యలేదన్నవాడు అబద్ధాలకోరు.

ఏటా క్రిస్మస్‌కి ముందు వచ్చే ఆదివారం మధ్యాహ్నం మా పేట రేడియోలో మేమిద్దరం కలిసి ఒక కార్యక్రమం చేసేవాళ్ళం. పేరు ‘పిన్నీసుల క్రిస్మస్’. మొదటి గంట పండగ పాటలు. రెండో గంట ఆ ఏడాది వచ్చిన, మొరటుగా అరిచి పాడే పంక్ ఆల్బముల్లో మాకు నచ్చినవి, ఆయనవి అయిదు, నావి అయిదు. నేను బడిలో ఉండగా మొదలైన ఆ కార్యక్రమం, నాకు పందొమ్మిదేళ్ళు వచ్చేసరికి ఊళ్ళో చాలామందికి అలవాటైపోయింది. కోడికూర పొయ్యి మీద పెట్టి వింటామని ఆడవాళ్ళు చెప్పేవారు.

అది మంచు విపరీతంగా పడిన 2010 డిసెంబరు. నాన్న బస్సు డ్రైవరు. కంపెనీ వాళ్ళు కొత్త పనివేళలు పెట్టి పాతవాళ్ళను ఇంటికి పంపించే ఏర్పాటు చేస్తున్నారని డ్రైవర్లందరూ సమ్మెకు దిగారు. నెల మొదట్నుంచీ బస్సులు డిపోలోనే మంచు కప్పుకుని పడున్నాయి.

ఆ సోమవారం పొద్దున్న వంటింట్లో బల్ల మీద రికార్డులు పరచుకుని ఇద్దరం పోట్లాడుకుంటున్నాం.

“మొదటి స్థానం ‘తడి అగ్గిపెట్టె’కే,” అన్నాను.

“ఆ గ్లాస్గో పిల్లలకా? వాళ్ళకి శ్రుతి కుదిరిపోయింది బంగారం. శ్రుతి కుదిరాక ఇంకేం పంకు?”

“కుదిరితే తప్పా?”

“తప్పని కాదు. నాకు భయం. ఇవాళ శ్రుతి, రేపు వయొలిన్లు, ఎల్లుండి టీవీలో కేకుల ప్రకటన.”

“నీ అయిదింట్లో మూడు నీకంటే ముసలివాళ్ళవి నాన్నా. ఒకాయన పళ్ళసెట్టు పెట్టుకుని పాడాడు, మాటల మధ్య వచ్చే ఈలలో తెలుస్తోంది.”

“అదే గొప్ప. పళ్ళు పోయినా నోరు మూయలేదు.”

మా అమ్మ డెనీస్, బడి వంటశాలలో పనిచేస్తుంది. మంచుకి బడి మూసేశారు కాబట్టి ఇంట్లోనే ఉంది. పొయ్యి దగ్గర పెద్ద గిన్నెలో బఠాణీ సూప్ కలుపుతూ మా గొడవ విననట్టు నిలబడి ఉంది. సూప్ సమ్మె చేస్తున్నవాళ్ళకి. రోజూ ఫ్లాస్కుల్లో పోసి నాకిచ్చి డిపో పెద్ద గేటుకి పంపేది.

నాన్న లేచి కోటు తొడుక్కున్నాడు. అప్పుడు చూశాను, ఆయన ఎడమ చెవి బోసిగా ఉంది. ఆ చెవికి వెండి రింగులు వరసగా ఉండేవి. నేను పుట్టకముందు పెట్టుకున్నవి. ఆసుపత్రిలో ఆపరేషన్ చేసినప్పుడు కూడా తియ్యనన్నాడని అమ్మ చెప్పేది.

“రింగులేవి?”

“చలికి లోహం కాలినట్టు కాలుతోంది. చెవి ఊడిపోయేలా ఉంది.” మఫ్లర్ ముక్కు దాకా చుట్టుకున్నాడు. “నాకివాళ దక్షిణం గేటు దగ్గర వంతు. నువ్వు పెద్ద గేటుకి వెళ్తావుగా, పౌలీన్‌ని అడిగానని చెప్పు. వద్దులే, చెప్పకు. పనిలో ఉంటుంది.”

అమ్మ గరిట ఆపి ఒకసారి ఆయన వంక చూసింది. మళ్ళీ కలపసాగింది.

*

పౌలీన్ ఫెన్విక్ నాకు వరసకి ఏమీ కాదు, కానీ అత్త అనే పిలిచేదాన్ని. మా నాన్న మాల్కమ్ థర్ల్‌వెల్ ఇరవై ఏళ్ళ కుర్రాడిగా ‘ఖాళీ బాయిలర్లు’ అనే బృందంలో పాడేటప్పుడు డ్రమ్ములు వాయించింది ఆమే. బొగ్గుగని కార్మికుల పెద్ద సమ్మె జరిగిన ఏడాది వాళ్ళు ఒకే ఒక్క పాట రికార్డు చేశారు. ‘గీత దాటని శాంటా’. గీతంటే సమ్మె చేసేవాళ్ళు గేటు ముందు కాసే హద్దు, అది దాటి పనిలోకి వెళ్ళినవాడు ద్రోహి. మా వైపు ఆ పాటని ఎరగనివాళ్ళు లేరు. తరవాత బృందం చెదిరిపోయింది. పౌలీన్ అత్త బస్సు నడపడం నేర్చుకుంది, మూడేళ్ళయ్యాక చేతిలో పని లేకుండా తిరుగుతున్న నాన్నను డిపోకి లాక్కెళ్ళి ఉద్యోగం ఇప్పించింది. ఇప్పుడామె డ్రైవర్ల సంఘానికి డిపో నాయకురాలు.

పెద్ద గేటు ముందు నూనె పీపాలో చెక్కముక్కలు మండుతున్నాయి. నేను ఫ్లాస్కులు దించేసరికి అందరూ చేతులు చాచారు.

“డెనీస్ సూప్ వచ్చిందర్రా! దీని కోసమైనా సమ్మె ఫిబ్రవరి దాకా లాగాలి.”

“నువ్వు ఫిబ్రవరి దాకా ఉంటే గేట్లోంచి పట్టవురా, పొట్ట చూసుకో.”

ఎవరో పాట అందుకున్నారు. అత్త పీపా మూత తీసుకుని దాని మీద గరిటతో దరువు వేసింది. ఏభై దగ్గరపడుతున్న మనిషి, మోకాళ్ళ దాకా మంచు, ఆ చెయ్యి మాత్రం ఇంకా పాత డ్రమ్ముల మీదే ఉన్నట్టు ఆడింది.

గేటు ముందు మంచు బండి ఆగిపోయింది,
గీత దాటననీ దుప్పి మొండికేసింది,
మూట దించి ముసలాయన మాతో నిలిచాడు,
పీపా మంట దగ్గర చేతులు కాచాడు!

లోపల ఆఫీసు కిటికీలోంచి కాలరు చొక్కా ఆఫీసరొకడు తొంగిచూస్తే అందరూ గొంతు పెంచారు. నాకు ఒళ్ళు పులకరించింది. అది మా నాన్న పాట. ఆయన మా వంటింట్లో పాడితే వెక్కిరించేదాన్ని గాని, ఇంతమంది నోట వింటే ఛాతీ విచ్చుకునేది.

పాట అయ్యాక అత్త నన్ను పక్కకి తీసుకెళ్ళి కప్పు నింపుకుంది.

“మీ నాన్న నడుం ఎలా ఉంది పిల్లా?”

“నడుమా? నడుం బాగానే ఉంది కదా. దక్షిణం గేటుకి వెళ్ళాడు.”

అత్త సూప్ ఊదుకుంటూ ఉండిపోయింది. దక్షిణం గేటు ఆ వారం మంచుకి మూసేశారని, అక్కడ ఎవరినీ నిలబెట్టలేదని నాకప్పటికి తెలియదు.

“అవునా,” అంది చివరికి. “తగ్గిందన్నమాట. మంచిది.”

“ఆదివారం రేడియోకి నువ్వు రావాలత్తా. సమ్మె గురించి చెప్పాలి. మొదటి గంటలో.”

“వస్తాలే.” ఆమె కప్పు అడుగున మిగిలిన సూప్ మంచులో పారబోసింది. ఎప్పుడూ అలా చేసే మనిషి కాదు.

ఆ వారమే కంపెనీ పక్క ఊరి డిపో నుంచి ఒకటి రెండు బస్సులు తిప్పడం మొదలుపెట్టింది. పదహారో నెంబరు బస్సు మా వీధి చివరనుంచే పోయేది. నేనొకసారి దాన్ని చూశాను, మంచు గడ్డ ఒకటి తీసి దాని అద్దం మీదికి విసిరాను కూడా. సూటిగా తగిలింది. ఇంటికొచ్చి చెబితే నాన్న నవ్వాడు. “గురి బాగుందే,” అన్నాడు.

*

మా రేడియో స్టేషను చేపలు, బంగాళదుంపలు వేయించి అమ్మే కొట్టు మీద గదిలో ఉండేది. ఎంత తలుపులు బిగించినా వెనిగర్ వాసన వచ్చేది. ఆ ఆదివారం నేను ముందే వెళ్ళి తీగెలు సరిచేసుకున్నాను. నాన్న తన పాత తోలు కోటు వేసుకొచ్చాడు. ఆ కోటుకి చేతుల నిండా, జేబుల నిండా పిన్నీసులు. కార్యక్రమం పేరు వాటివల్లే వచ్చింది. పక్కన గిటారు కూడా తెచ్చాడు. ఏటా చివర్లో ఆ పాట తనే పాడి ముగించడం ఆనవాయితీ.

మొదటి అరగంట బ్రహ్మాండంగా నడిచింది. లీడ్స్ కుర్రాళ్ళు పాడిన, పొగగొట్టంలో ఇరుక్కున్న శాంటాని పోలీసులు దొంగ అనుకునే పాట వేశాం. ఒక ముసలి బృందం బెల్‌ఫాస్ట్‌లో గుడిసెలాంటి హాల్లో అరిచిన పండగ పాట వేశాం. నాన్న మంచి ఊపు మీద ఉన్నాడు. “ఈ పాటలో గాయకుడు రెండో చరణం మర్చిపోయి మొదటిదే మళ్ళీ పాడాడు. గమనించారా? గమనించలేదుగా. క్రిస్మస్ కూడా అంతే, ఏటా మొదటి చరణమే,” అన్నాడు మైకులో. నేను నవ్వాపుకోలేక బల్ల మీద తల పెట్టేశాను.

అప్పుడు పౌలీన్ అత్త మెట్లెక్కి వచ్చింది. బూట్లకి మంచు దులుపుకుని, మాకెదురుగా కూర్చుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. నాన్న “ఏమే పౌలీన్” అన్నాడు. ఆమె తలూపింది.

“సమ్మె ఎలా ఉందత్తా?” అని మొదలుపెట్టాను.

“చలిగా ఉంది.”

“అది కాదు, జనం ఎలా ఉన్నారు?”

“జనం బాగున్నారు. సూప్ పంపినవాళ్ళకి, కట్టెలు పంపినవాళ్ళకి దణ్ణం. మొన్నటిదాకా అందరం ఒక్కటిగా ఉన్నాం. సోమవారం నుంచి పదహారో నెంబరు బస్సు తిరుగుతోంది. మనవాడే ఒకడు నడుపుతున్నాడు. ముఖం నిండా మఫ్లర్ చుట్టుకుని.”

“సిగ్గులేనివాడు,” అన్నాను మైకులో.

“సిగ్గుంది పిల్లా. అందుకే మఫ్లర్.”

నాన్న చేతిలో ఒక రికార్డు అట్ట ఉంది. దాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి చూస్తున్నాడు.

“సరే, నీకేం పాట కావాలి చెప్పత్తా.”

“గీత దాటని శాంటా. రికార్డు వద్దు. మీ నాన్న పాడాలి, నేను ఈ బల్ల మీద వాయిస్తా. కలిసి వాయించి చాలా ఏళ్ళయింది.”

“అబ్బ! ఎవరికి అంకితం?”

“ఆ పదహారో నెంబరు డ్రైవరుకి. వింటాడులే.”

నాన్న గొంతు సవరించుకున్నాడు. “గొంతు బాలేదు పౌలీన్.”

“నీ గొంతు ఎప్పుడు బాగుందిరా మాల్? బాగుంటే మనం చర్చిలో పాడేవాళ్ళం.”

నేను పగలబడి నవ్వాను. నవ్వుతూనే గిటారు తీసి ఆయన ఒళ్ళో పెట్టాను. “పాడు నాన్నా. ఊరంతా వింటోంది.”

అత్త రెండు చేతులా బల్ల మీద దరువు మొదలుపెట్టింది. నెమ్మదిగా, పాత లెక్కలోనే. నాన్న మొదటి పట్టు మీటాడు. గేటు ముందు మంచు బండి ఆగిపోయింది, అని పాడాడు. గొంతు నిజంగానే బాలేదు. రెండో పాదంలో ‘గీత’ అన్నాడు. అక్కడ ఆగాడు.

మర్చిపోయాడనుకున్నాను. పెదాలతో అందించాను కూడా, “దాటననీ”, అని. ఆయన నా పెదాల వంక చూశాడు గాని అందుకోలేదు. అత్త వేళ్ళు ఇంకొంచెంసేపు బల్ల మీద ఆడాయి. తరవాత అవీ ఆగిపోయాయి. కింద కొట్టులో నూనె సలసలమనే చప్పుడు తప్ప గదిలో ఏమీ లేదు, ఆ చప్పుడే రేడియోలోకీ పోతోంది. రేడియోలో నిశ్శబ్దం అంటే ఇల్లు అంటుకున్నంత ప్రమాదమని నాకు నేర్పింది నాన్నే. నా చెయ్యి దానంతటదే పోయి తరవాతి రికార్డు వేసింది. మైకు తెరిచి ఉందని చెప్పే ఎర్ర దీపం ఆరింది.

అత్త హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. ఆమె నాన్న వంక చూడలేదు. నన్ను చూసింది.

“నీకు తెలీదని నేననుకోలేదు పిల్లా. నీకు తెలీదని తెలిసుంటే ఇక్కడ ఈ పని చేసేదాన్ని కాదు.”

“ఏం తెలీదు?”

 నాన్న గిటారుని జాగ్రత్తగా గోడకి ఆనించాడు. మఫ్లర్ తీసుకుని చుట్టుకోబోయి, మళ్ళీ జేబులో కుక్కుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కిటికీలోంచి చూశాను. బోసి తలతో, మంచులో, బస్టాపు వైపు కాకుండా నడిచిపోతున్నాడు.

రెండో గంట నేనొక్కదాన్నే నడిపాను. నా అయిదు ఆల్బములు చెప్పాను. ఆయన అయిదూ కూడా చెప్పాను. అవి ఆయన ఎందుకు ఎంచుకున్నాడో నాకు తెలుసు కాబట్టి ఆ కారణాలు కూడా చెప్పాను. పళ్ళసెట్టు పెట్టుకుని పాడినాయన గురించి చెబుతూ, పళ్ళు పోయినా నోరు మూయలేదు, అన్నాను. మాల్ ఏడీ, మాల్ ఏమయ్యాడు అని ఫోనుకి సందేశాలు వస్తూనే ఉన్నాయి. కొంతసేపటికి ఆగిపోయాయి. ఊరికి నాకంటే త్వరగా అర్థమైనట్టుంది.

*

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ పొయ్యిలోంచి పానకెల్టీ పళ్ళెం తీస్తోంది. అందులో బంగాళదుంపలు, ఉల్లిపాయలు, డబ్బా మాంసం పొరలు పొరలుగా వేసి మాడీమాడకుండా కాలుస్తారు. నాకు ప్రాణం. వంటింట్లో రేడియో ఆపేసి ఉంది. అంతకుముందు దాకా మోగిందని అది వెచ్చగా ఉండడంలోనే తెలిసింది.

“నీకు తెలుసా?” అన్నాను.

“చెయ్యి కడుక్కో.”

“అమ్మా, నీకు తెలుసా?”

“ఆ రింగులు నేనే తీశాను,” అంది. “ఒకటి బిగుసుకుపోతే సబ్బు రాయాల్సొచ్చింది. డ్రైవర్లందరూ ఆ చెవితోనే గుర్తుపడతారని కంపెనీవాళ్ళు తీసెయ్యమన్నారట.”

“మరి సూప్? రోజూ నాచేత సూప్ పంపించావే! ఆయన బస్సు నడుపుతుంటే నేను వెళ్ళి వాళ్ళకి సూప్ పోశాను!”

“వాళ్ళు చలిలో ఉన్నారు కదే,” అంది అమ్మ. నిజంగానే ఆమెకి అందులో తేడా కనపడలేదు. పళ్ళేల్లో వడ్డించింది, మూడు పళ్ళేలు.

నాన్న వెనకవైపు పెరట్లో, బొగ్గులు పోసుకునే పాత కొట్టాం దగ్గర నిలబడి ఉన్నాడు. సిగరెట్టు మానేసి చాలా కాలమైనా వేళ్ళ మధ్య ఏదో ఉన్నట్టే పట్టుకుంటాడు. నేను తలుపు దగ్గరే ఆగాను.

“ఎందుకు?”

“లోపలికి పో, చలి.”

“ఎందుకు నాన్నా?”

“సమ్మె అయిపోయాక పంపేసేవాళ్ళ పేర్లు ముందే రాసుకున్నారు. నా పేరుంది. ఇప్పుడొస్తే ఉంచుతామన్నారు. ఏభై ఏళ్ళొస్తున్నాయి బంగారం. బస్సు తప్ప నాకేం వచ్చు? మూడు పట్లు.”

“పౌలీనత్త పేరు?”

ఆయన బూటుతో మంచుని పక్కకి తోశాడు.

“అత్త పేరు కూడా ఉందా? నీకు తెలుసా అది?”

“చూపించారు,” అన్నాడు.

“నీకే ఎందుకు చూపించారు? అందర్లో నీకే ఎందుకు?”

అది మాత్రం ఆయనకి అప్పటికే అర్థమైపోయిందనుకుంటాను.  నేనే చెప్పాను. “ఆ పాట నీది కాబట్టి.”

మా ఇద్దరికీ మధ్య మంచు పడుతోంది. నాకు ఏడుపు రాలేదు. ఏడుపు వస్తే బాగుండేది. నా బుద్ధి మాత్రం సోమవారం నుంచి ఆయన అన్న ఒక్కొక్క మాటనీ తీసి చూసుకుంటోంది. దుకాణంలో చిల్లర సరి చూసుకున్నట్టు. చెవి కాలుతోందన్నాడు. దక్షిణం గేటన్నాడు. గురి బాగుందే అన్నాడు.

“ఆ మంచుగడ్డ నీకే తగిలింది,” అన్నాను.

“అద్దానికి తగిలిందిలే.”

“నువ్వు చూశావు నన్ను.”

“చూశాను.”

“చూసి, ఇంటికొచ్చి నవ్వావు.”

“ఏం చెయ్యమంటావు మరి?” అన్నాడు. ఆ ఒక్కసారే గొంతు పెరిగింది. లోపల్నుంచి అమ్మ, తిండి చల్లారుతోంది రండి, అని పిలిచింది. ఆయన వెళ్ళి తిన్నాడు. నేను పైకి వెళ్ళి పడుకున్నాను.

*

ఆ పాట పాడినవాడే లోపలికి వెళ్ళాక మనమెవరికోసం మంచులో నిలబడాలి అని కొందరనుకున్నారు. పండగ ముందే ఒకరి వెనక ఒకరు డిపోలోకి వెళ్ళడం మొదలైంది. క్రిస్మస్ ముందురోజు పెద్ద గేటు దగ్గరకి నేను సూప్ తీసుకెళ్తే ముగ్గురే ఉన్నారు. అత్త ఉంది. అమ్మ చేసిన సూప్ అని తెలిసీ కప్పు చాచింది. మిగిలిన ఇద్దరూ చాచలేదు.

క్రిస్మస్ రోజు మా ఇంట్లో అంతా ఎప్పటిలాగే చేశారు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. టర్కీ కోడి కాల్చారు, కాగితపు టోపీలు పెట్టుకున్నారు. నాన్న నాకొక చదునైన పొట్లం ఇచ్చాడు. ఏముంటుందో విప్పకుండానే తెలిసిపోయే ఆకారం.

విప్పాను. మిడిల్స్‌బ్రో నుంచి వచ్చిన ‘తుప్పు ఉయ్యాల’ బృందం వేసిన ఒకే ఒక్క ఆల్బం. కొన్ని వందలే అచ్చయ్యాయి. పాత రికార్డుల దుకాణాల్లో, సంతల్లో ఇద్దరం నా చిన్నప్పట్నుంచి వెతుకుతున్నాం. నేను చచ్చేలోపు ఒక్కసారి వింటే చాలనేదాన్ని.

“ఎక్కడ దొరికింది?” అని అడిగేశాను, అడగకూడదనుకుంటూనే.

“డర్హమ్‌లో. అటు... పని మీద వెళ్ళినప్పుడు.”

పక్క ఊరి డిపో ఉన్నది డర్హమ్‌లోనే. ఆ బస్సు నడపడానికి వెళ్తూనో, వస్తూనో దుకాణంలో దూరి నాకోసం వెతికాడన్నమాట. ముఖం మీంచి మఫ్లర్ తీశాడో లేదో.

అమ్మ “వెయ్యండి, వింటాం” అంది. నేను వెయ్యలేదు. మర్నాడు ఇద్దరూ అమ్మమ్మ ఇంటికి వెళ్ళాక ఒక్కదాన్నే కూర్చుని వేశాను. చెత్తగా ఉండాలని కోరుకున్నాను. ఏ దేవుడికైనా మొక్కేదాన్నే. మొదటి పాట నుంచి చివరిదాకా అది నేను ఊహించుకున్నదానికంటే బాగుంది. డ్రమ్ములు తడబడుతున్నాయి, గాయనికి ఊపిరి అందడంలేదు, ఒక పాట మధ్యలో ఎవరో తలుపు తెరిచి మూసిన చప్పుడుంది. రెండుసార్లు విన్నాను. ఏడుపు అప్పుడొచ్చింది. ఇంత బాగున్నదాన్ని గురించి ఈ లోకంలో నేను మాట్లాడాలనుకున్నది ఒక్క మనిషితోనే, ఆ మనిషితో నేను మాట్లాడడం లేదు.

*

సమ్మె కొత్త సంవత్సరానికి ముగిసింది. నాన్న ఉద్యోగం నిలిచింది, పౌలీన్ అత్తది పోయింది. చెవికి రింగులు మళ్ళీ పెట్టుకోలేదు, రంధ్రాలు పూడుకుపోతున్నాయని అమ్మ అంది. డిపో భోజనశాలలో ఆయన కూర్చున్న బల్ల దగ్గర ఇంకెవరూ కూర్చోరని ఊళ్ళో చెప్పుకున్నారు.

జనవరి నెల మధ్యలో పౌలీన్ అత్త యూనిఫారం అప్పగించడానికి డిపోకి వెళ్తుంటే తోడు వెళ్ళాను. కిటికీలోని మనిషి కోటు, టోపీ, టికెట్ల యంత్రం తాళంచెవి తీసుకుని లోపల పెట్టేశాడు. థాంక్యూ అన్నాడు. అత్త కూడా థాంక్యూ అంది. ఇన్నేళ్ళ ఉద్యోగం అంతసేపట్లో ముగిసింది. బయటికొచ్చి బస్టాపులో నిలబడ్డాం. ఆమెకి ఇప్పుడు పల్చటి కోటు తప్ప లేదు, వణుకుతోంది. నా మఫ్లర్ ఇస్తే వద్దంది.

“ఇప్పుడేం చేస్తావత్తా?”

“మా చెల్లెలికి టాక్సీ ఉంది. పగలు అది, సాయంత్రాలు నేను. డ్రమ్ములు నేర్పమని ఇద్దరాడపిల్లలు అడుగుతున్నారు, వాళ్ళ చేతులు పిండి ముద్దల్లా ఉన్నాయి. చూద్దాం.” చేతుల్లోకి ఊదుకుంది. “నువ్వు ఇంట్లో మాట్లాడుతున్నావా?”

“ఉప్పు ఇటివ్వమని అడుగుతాను.”

“అది మాటే.”

అప్పుడు బస్సు వచ్చింది. పదహారో నెంబరు. చక్రం వెనక మా నాన్న. మమ్మల్ని దూరంనుంచే చూసినట్టున్నాడు, ఆపకుండా పోవాలా అన్నట్టు బస్సు కాస్త తటపటాయించింది. అత్త చెయ్యెత్తింది. ఏ ప్రయాణికురాలైనా ఎత్తినట్టే.

తలుపు తెరుచుకుంది. అత్త మెట్టెక్కి చిల్లర తీసింది. ఇన్నేళ్ళలో ఆమె ఆ బస్సులో డబ్బిచ్చి ఎక్కడం అదే మొదటిసారి అనుకుంటాను.

“వద్దు పౌలీన్,” అన్నాడు నాన్న. గొంతు నాకు వినపడీ వినపడనట్టుంది. “ఉంచు.”

“టికెట్టు కొట్టు మాల్. ఉద్యోగం పోతుంది.”

ఆయన టికెట్టు కొట్టాడు. ఆమె చించుకుని నావైపు తిరిగింది.

“ఎక్కు పిల్లా. వీడి మీద కోపానికి మనం గడ్డకట్టుకుపోవాలా ఏం? వీడితో నేను ముప్ఫై ఏళ్ళు వేగాను. వీడు పాట మధ్యలో ఆగిపోవడం నాకు కొత్త కాదు.”

ఆమె అనగలదు. ఆమె స్నేహితుడు ఆమెకి ద్రోహం చేశాడు, ఆమె అతన్ని కుర్రాడిగా ఉన్నప్పటి నుంచి ఎరుగును, ఎంతవరకు నమ్మొచ్చో ఏనాడో తెలుసుకుని ఉంటుంది. నాకు ఆ అవకాశం రాలేదు. నేను పుట్టేసరికే ఆయన ఆ పాట పాడినవాడు.

నాన్న నా వంక చూస్తున్నాడు. చెయ్యి తలుపు మీట మీద ఉంది. చలిగాలి బస్సులోకి కొడుతోంది. వెనక సీట్లోంచి ఒక ముసలామె అరిచింది, “ఏమయ్యా, తలుపు మూస్తావా, మమ్మల్ని చంపుతావా?”

“వస్తావా బంగారం?” అన్నాడు.

తల అడ్డంగా ఊపాను.

ఆయన ఇంకొంచెంసేపు తలుపు తెరిచే ఉంచాడు. తరవాత మూశాడు. అత్త కిటికీ పక్కన కూర్చుని చేత్తో అద్దం మీద ఆవిరి తుడిచి నన్ను చూసింది. బస్సు మలుపు తిరిగింది. నేను వంతెన మీదుగా ఇంటిదాకా నడిచాను. నది మీద గాలి చాలా ఎక్కువగా ఉంది.